చుక్క వెలుగు తగ్గినా కబురే, పెరిగినా కబురే
(ఆకాశం గురించి పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు)

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం మూడు విషయాల చుట్టూ తిరిగాయి: వెలుగు మారే నక్షత్రాలు, ఆకాశం నుంచి వచ్చే ఎక్స్‌ కిరణాలు, తోకచుక్కలు. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా ఇస్తున్నాం.

ప్రశ్న: ఆరుద్ర నక్షత్రం మసకబారిందని, త్వరలో పేలిపోతుందని 2020లో విన్నాం. అది ఇప్పటికీ అక్కడే ఉంది. అప్పుడు విన్నది నిజమా, పుకారా? (ఒక రైతు, నంద్యాల జిల్లా)

జవాబు: మసకబారడం నిజం. పేలిపోతుందన్నది మాత్రం కొందరి తొందరపాటు.

ఆరుద్ర, అంటే పాశ్చాత్యులు బెటెల్‌గ్యూస్ అని పిలిచే ఎర్రని నక్షత్రం, మామూలు రోజుల్లో ఆకాశంలోని అతి ప్రకాశవంతమైన పది పన్నెండు చుక్కలలో ఒకటి. చుక్కల వెలుగును కొలిచే లెక్కలో అంకె ఎంత చిన్నదైతే వెలుగు అంత ఎక్కువ. ఆ లెక్కలో ఆరుద్ర ప్రకాశ పరిమాణం సాధారణంగా 0.5 దరిదాపుల్లో ఉంటుంది. 2019 చివరి నెలల్లో అది మెల్లగా తగ్గడం మొదలై, 2020 ఫిబ్రవరి నాటికి 1.6 దాకా పడిపోయింది. అంటే రూపాయిలో ముప్పై అయిదు, నలభై పైసల వెలుగే మిగిలింది. ఈ తేడా తెలుసుకోవడానికి దుర్భిణి కూడా అవసరం లేకపోయింది. ఎప్పుడూ రోహిణిని మించి వెలిగే ఆరుద్ర ఆ ఫిబ్రవరిలో రోహిణి ముందు వెలవెలబోయి, మృగవ్యాధుడి (ఓరియన్ అనే చుక్కల గుంపు) రెండో భుజం మీద ఉండే బెల్లాట్రిక్స్ అనే మామూలు చుక్కతో సమానంగా కనిపించింది. మేడ మీదికెక్కి కళ్లు నులుముకున్న వాళ్లలో ఈ జవాబు రాస్తున్నవాడూ ఒకడు.

కారణం తేలడానికి ఏడాదికి పైగా పట్టింది. చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపు తీసిన చిత్రాలలో నక్షత్రం దక్షిణ భాగం మాత్రమే నల్లబడి ఉంది. మొత్తం నక్షత్రం చల్లారి ఉంటే ఇలా ఒక వైపే మాడినట్టు కనిపించదు. అంతకు ముందు, 2019 శరత్కాలంలో, హబుల్ టెలిస్కోపు అతినీలలోహిత కాంతిలో చూసినప్పుడు ఆ వైపు నుంచే వేడి పదార్థం పెద్దమొత్తంలో బయటికి కదులుతూ కనిపించింది. నక్షత్రం తన ఉపరితలం నుంచి ఒక పెద్ద ముద్దను బయటికి కక్కింది, అది దూరం వెళ్లి చల్లబడి ధూళిగా మారింది, ఆ ధూళి మన చూపుకు అడ్డం నిలిచింది అన్నది ఇప్పుడు ఎక్కువ మంది ఒప్పుకునే వివరణ. జపాను వాతావరణ ఉపగ్రహం హిమవారి-8 మేఘాల ఫొటోలు తీస్తూ, భూమి అంచు పక్కన అనుకోకుండా ఆరుద్రను కూడా ఏళ్ల తరబడి ఫొటోలో పట్టుకుంది. ఆ పాత ఫొటోలను తిరగేసిన పరిశోధకులు, ధూళి ఎంత కారణమో నక్షత్రం కొంత చల్లబడడం కూడా దాదాపు అంతే కారణమని లెక్క కట్టారు. తుపాను కోసం పెట్టిన కన్ను చుక్కను పట్టుకోవడం నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన భాగం.

మీరు రైతులు కనుక మరో మాట. ఆరుద్ర కార్తెలో, ఎర్రని ఆరుద్ర పురుగులు పొలాల్లో తిరిగే ఆ జూన్, జూలై రోజుల్లో, ఆరుద్ర నక్షత్రాన్ని రాత్రి వేళ ఎవరూ చూడలేరు, ఎందుకంటే సూర్యుడు ఆ నక్షత్రం దిక్కున ఉన్న కాలాన్నే కార్తె అంటాం. శాస్త్రవేత్తలకూ ఇదే చిక్కు వచ్చింది. 2020 నడిమి నెలల్లో భూమి మీది టెలిస్కోపులకు ఆరుద్ర కనబడని వారాలలో, సూర్యుడి చుట్టూ వేరే చోట తిరుగుతున్న స్టీరియో అనే వ్యోమనౌకను అటు తిప్పి కొలతలు తీసుకున్నారు.

ఇక పేలుడు సంగతి. ఆరుద్ర బతుకు ముగింపు దశలో ఉందన్నది వాస్తవమే, ఏదో ఒక రోజు సూపర్‌నోవాగా పేలుతుందన్నదీ వాస్తవమే. అయితే నక్షత్రాల లెక్కలో ముగింపు దశ అంటే లక్ష సంవత్సరాలు కావచ్చు. దానికి సుమారు 400 రోజులకొకసారి, 2,100 రోజులకొకసారి వెలుగు పెరిగి తగ్గే అలవాటు ముందు నుంచీ ఉంది. ఈ రెండో అలవాటుకు కారణం పక్కనే తిరిగే చిన్న తోడు నక్షత్రం కావచ్చని 2024లో లెక్కలు వచ్చాయి. హవాయిలోని జెమినై నార్త్ టెలిస్కోపుతో అలాంటి తోడును చూసినట్టు 2025 జూలైలో ప్రకటించారు.

ప్రశ్న: ఉత్తర కిరీటంలో ఒక నక్షత్రం భగ్గుమంటుందని 2024లో పత్రికలు రాశాయి. అప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. ఏమైంది? (ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, కాకినాడ)

జవాబు: మీ ఓపికకు నమస్కారం. ఆ నక్షత్రం పేరు టి కరోనా బొరియాలిస్. 2024 గడిచింది, 2025 కూడా గడిచింది, అది ఆ రెండేళ్లలో పేలలేదు. తప్పు నక్షత్రానిది కాదు.

అక్కడ ఉన్నవి రెండు నక్షత్రాలు. ఒకటి ఉబ్బిపోయిన ఎర్రని భారీ తార. రెండోది సూర్యుడికి మించిన బరువును భూమి అంత గుండులో కూరుకున్న శ్వేత కుబ్జం. సుమారు 227 రోజులకొకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్న ఈ జంటలో, ఎర్ర తార నుంచి జారిన హైడ్రోజన్ శ్వేత కుబ్జం మీద పొరలు పొరలుగా పేరుకుంటుంది. అడుగు పొర మీద ఒత్తిడి, వేడి ఒక హద్దు దాటగానే ఆ పొర మొత్తం ఒక్కసారి హైడ్రోజన్ బాంబులా అంటుకుంటుంది. ఎగిరిపోయేది పై పొర మాత్రమే, అడుగున ఉన్న కుబ్జం చెక్కుచెదరదు. మళ్లీ పేరుకోవడం మొదలవుతుంది. ఇలాంటి వాటిని పునరావృత నోవాలు అంటారు.

1866 మేలో ఒకసారి, 1946 ఫిబ్రవరిలో ఒకసారి అది పేలడం స్పష్టంగా నమోదైంది. మధ్య విరామం 80 ఏళ్లకు కొద్దిగా తక్కువ. 1217లో, 1787లో కనిపించిన కొత్త చుక్కలు కూడా ఇదేనని కొందరు చెబుతారు కానీ అవి పాత రాతల ఆధారంగా చేసిన ఊహలు. 1946 పేలుడుకు ముందు ఏడాది ఈ జంట కొంత మసకబారింది. 2023లోనూ అలాంటి మసకే కనిపించడంతో, అమెరికన్ ఖగోళవేత్త బ్రాడ్లీ షేఫర్ తదితరులు 2024ను సూచించారు. నా అభిప్రాయంలో ఆ అంచనా వేయడంలో తప్పు లేదు, దాన్ని ముహూర్తంలా ప్రచారం చేయడమే తప్పు. సరిగా కొలిచిన విరామం ఒక్కటే ఉన్నప్పుడు దాన్ని పట్టుకొని తేదీ ప్రకటించడం, ఒక్క రోజు బస్సు వచ్చిన వేళను చూసి ఏడాది టైంటేబులు రాయడం లాంటిది.

పేలినప్పుడు అది పదో పరిమాణం నుంచి రెండో పరిమాణానికి, అంటే చిన్న టెలిస్కోపుకు మాత్రమే అందే స్థితి నుంచి ధ్రువ నక్షత్రమంత వెలుగుకు, కొన్ని గంటల్లో పెరుగుతుంది. కంటికి కనిపించేది ఓ వారం రోజులు మాత్రమే. మే, జూన్ రాత్రుల్లో స్వాతి నక్షత్రానికి తూర్పున అర్ధవలయంగా ఉన్న ఏడు చుక్కలను గుర్తుపెట్టుకోండి. ఆ వలయం అంచు పక్కన, మీకు అలవాటు లేని ఎనిమిదో చుక్క కనిపిస్తే అదే.

నోవా అంటుకున్న మొదటి క్షణాన్ని పట్టుకోవడం ఎంత కష్టమో చెప్పే ఒక సంఘటన ఉంది. ఈరోసీటా అనే ఎక్స్‌ కిరణ టెలిస్కోపు ఆకాశాన్ని ఊడ్చినట్టు చూస్తూ, ఒకే చోటికి నాలుగు గంటలకొకసారి తిరిగి వచ్చేది. 2020 జూలై 7న అది దక్షిణాకాశంలోని ఒక బిందువును దాటినప్పుడు అక్కడ ఎక్స్‌ కిరణాలు ఎంత తీవ్రంగా ఉన్నాయంటే, చిత్రం మధ్య భాగం పొంగిపోయి పాడైంది. నాలుగు గంటల ముందు చూసినప్పుడు అక్కడ ఏమీ లేదు, నాలుగు గంటల తర్వాత చూసినప్పుడూ ఏమీ లేదు. ఎనిమిది రోజుల తర్వాత, జూలై 15న, అదే చోట మామూలు కాంతిలో ఒక నోవా కనిపించింది. దాని పేరు వైజెడ్ రెటిక్యులి. అణుదహనం మొదలై, ఉబ్బిన పొర ఇంకా ఎక్స్‌ కిరణాలను కప్పేయక ముందు వచ్చే ఆ మెరుపు ఉండి తీరాలని 1990లోనే లెక్క వేశారు. ముప్పై ఏళ్లకు అది కంటబడింది.

ప్రశ్న: ఎక్స్‌రే అంటే ఆసుపత్రిలో తీసేది. నక్షత్రానికి ఎక్స్‌రే ఎవరు తీస్తారు? మన ప్రాంతానికి ఈ పరిశోధనతో సంబంధం ఏమైనా ఉందా? (ఇంటర్మీడియట్ విద్యార్థి, ఖమ్మం)

జవాబు: ఆసుపత్రిలో యంత్రం కిరణాలను పంపుతుంది, మన ఒళ్లు అడ్డు నిలుస్తుంది, నీడ ఫిల్మ్ మీద పడుతుంది. ఆకాశంలో అలా కాదు. అక్కడ వస్తువే ఎక్స్‌ కిరణాలను వెదజల్లుతుంది, మనం వాటిని పట్టుకుంటాం. లక్షల, కోట్ల డిగ్రీల వేడి ఉన్నచోటే సాధారణంగా ఇవి పుడతాయి కనుక, ఎక్స్‌ కిరణాలు వస్తున్నాయంటే అక్కడ ఏదో తీవ్రంగా జరుగుతోందని అర్థం. మన గాలి పొర వీటిని కిందికి రానివ్వదు, అది మన అదృష్టం. అందుకే పరికరం పైకి వెళ్లాలి.

1962 జూన్‌లో అమెరికాలోని న్యూ మెక్సికో నుంచి ఒక చిన్న రాకెట్టును, చంద్రుడి మీద సూర్యకాంతి పడి ఎక్స్‌ కిరణాలు వస్తాయేమో చూడాలని, రికార్డో జకోనీ బృందం ఎగరేసింది. గాలిపొర పైన అది గడిపింది అయిదారు నిమిషాలే. చంద్రుడి నుంచి ఏమీ తేలలేదు కానీ, వృశ్చిక రాశి వైపు నుంచి ఎవరూ ఊహించనంత బలమైన కిరణాలు వచ్చాయి. స్కార్పియస్ ఎక్స్-1 అని పేరు పెట్టిన ఆ వస్తువు, పక్క నక్షత్రం నుంచి పదార్థాన్ని లాక్కుంటున్న న్యూట్రాన్ నక్షత్రమని తర్వాత తెలిసింది. జకోనీకి 2002లో నోబెల్ వచ్చింది.

మన ప్రాంతానికి సంబంధం ఉందా అని అడిగారు. చాలానే ఉంది. 1960 దశకం చివర్లో టాటా మౌలిక పరిశోధన సంస్థ వారు హైదరాబాదు నుంచి భారీ బెలూన్లకు ఎక్స్‌ కిరణ పరికరాలను కట్టి పైకి పంపారు. తీవ్రమైన ఎక్స్‌ కిరణాలు రాకెట్టు ఎత్తుకు వెళ్లకుండానే, ముప్పై నలభై కిలోమీటర్ల ఎత్తులో అందుతాయి. రాకెట్టు నిమిషాల్లో పడిపోతే బెలూను గంటల తరబడి తేలుతుంది. హైదరాబాదును ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. భూమి అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్న ఈ ప్రాంతంలో విశ్వకిరణాల రొద తక్కువ, కాబట్టి నక్షత్రాల నుంచి వచ్చే సన్నని సంకేతం తేటగా వినిపిస్తుంది.

శ్రీహరికోట సంగతి మీకు తెలిసిందే. 2015 సెప్టెంబరు 28న అక్కడి నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్, ఒకే వస్తువును అతినీలలోహిత కాంతిలోనూ ఎక్స్‌ కిరణాల్లోనూ ఒకే సమయంలో చూడగల భారత అంతరిక్ష వేధశాల. ఆస్ట్రోశాట్ చూసిన వాటిలో గరుడ మండలంలోని జీఆర్ఎస్ 1915+105 అనే కృష్ణబిలం జంట ఒకటి. 1992లో వెలుగులోకి వచ్చిన ఈ వస్తువు నుంచి వచ్చే ఎక్స్‌ కిరణాలు కొన్ని దశల్లో నిమిషానికి ఒకసారి చొప్పున పెరిగి తగ్గుతాయి. ఆ గీతను కాగితం మీద గీస్తే గుండె జబ్బుల వైద్యుడు తీసిన ఈసీజీ అనుకోవచ్చు. లోపలికి పడుతున్న పదార్థం చుట్టూ ఏర్పడిన పళ్లెం నిండి ఖాళీ కావడం వల్ల ఇలా కొట్టుకుంటుందని భావిస్తున్నారు. పాతికేళ్లకు పైగా ఉజ్జ్వలంగా వెలిగిన అది 2018లో బాగా మసకబారింది. అక్కడ కూడా దట్టమైన వాయువు అడ్డం వచ్చిందన్న వాదనే బలంగా ఉంది. చూశారా, ఆరుద్రకు వచ్చిన కథే కృష్ణబిలానికీ వచ్చింది.

2024 జనవరి 1న శ్రీహరికోట నుంచే వెళ్లిన ఎక్స్‌పోశాట్ మరో మెట్టు ఎక్కింది. కిరణం ఎంత వచ్చిందని మాత్రమే కాక, దాని కంపనం ఏ దిక్కుకు ఒరిగి ఉందో కూడా ఇది కొలుస్తుంది. దీనిలోని ప్రధాన పరికరం పోలిక్స్‌ను బెంగళూరు రామన్ పరిశోధన సంస్థ తయారుచేసింది. కిరణాలు పుట్టినచోట అయస్కాంత క్షేత్రం ఎలా పరుచుకొని ఉందో, వేడి పదార్థం ఏ ఆకారంలో ఉందో ఈ ఒరుగు చెబుతుంది, ఫొటో తీయలేనంత దూరాన ఉన్నా సరే.

ప్రశ్న: తోకచుక్క అంటే మంచు ముద్ద అని చదివాను. దాని నుంచి కూడా ఎక్స్‌ కిరణాలు వచ్చాయని ఈ మధ్య చదివాను. మంచుకు కోట్ల డిగ్రీల వేడి ఎక్కడిది? (ఒక ఇంజనీరు, డాలస్)

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాలన్నిటిలోకీ మంచి ప్రశ్న ఇది. పై జవాబులో నేను చెప్పిన సూత్రానికి ఇది పక్కాగా అడ్డం వస్తుంది.

1996 మార్చి చివర్లో హ్యాకుటాకె అనే తోకచుక్క భూమికి సుమారు ఒకటిన్నర కోటి కిలోమీటర్ల దూరంలోంచి వెళ్లింది. అప్పట్లో మన ఊళ్లలో వీధి దీపాలు ఇంత తీవ్రంగా లేవు, చాలా మంది దాన్ని కళ్లతో చూశారు. ఆ రోజుల్లో రోశాట్ అనే ఎక్స్‌ కిరణ ఉపగ్రహాన్ని కొందరు శాస్త్రవేత్తలు దాని వైపు తిప్పించారు. ఏమీ కనిపించదనే చాలా మంది ధీమా. చిత్రం వచ్చాక చూస్తే, తోకచుక్కకు సూర్యుడి వైపున నెలవంకలా ఒక ఎక్స్‌ కిరణాల వెలుగు ఉంది, అది ఊహించిన దానికన్నా ఎన్నో రెట్లు బలంగా ఉంది. మంచులో అంత వేడి లేదన్నది ఖాయం కాబట్టి, వెలుగు ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు వేరే వైపు వెతకవలసి వచ్చింది.

వేడి తోకచుక్కది కాదు, సూర్యుడిది. సూర్యుడి బయటి వాతావరణం పది లక్షల డిగ్రీలకు పైగా వేడిగా ఉంటుంది. ఆ వేడికి అక్కడి ఆక్సిజన్, కార్బన్ పరమాణువులు తమ ఎలక్ట్రాన్లలో చాలా భాగం పోగొట్టుకుంటాయి. ఎనిమిది ఎలక్ట్రాన్లు ఉండవలసిన ఆక్సిజన్ దగ్గర ఒకటో రెండో మిగులుతాయి. సౌర పవనంలో కొట్టుకొచ్చే ఇలాంటి ఎలక్ట్రాన్ల పేదలు సెకనుకు నాలుగైదు వందల కిలోమీటర్ల వేగంతో ప్రయాణించి తోకచుక్క చుట్టూ ఉన్న నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ మబ్బులోకి దూసుకొస్తాయి. అక్కడి అణువుల నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను లాక్కుంటాయి. లాక్కున్న ఎలక్ట్రాన్ పరమాణువులోని పై మెట్టు మీద పడి, అక్కడి నుంచి కింది మెట్లకు దిగుతుంది. ఆ దిగుడులో విడుదలయ్యే శక్తే ఎక్స్‌ కిరణం. అంటే వేడి ఉన్నది సూర్యుడి దగ్గర, దాని పొదుపు పత్రం మాత్రం కోట్ల కిలోమీటర్ల దూరం వచ్చి మంచు మబ్బులో నగదుగా మారింది. ఈ వివరణను 1997లో థామస్ క్రేవెన్స్ ఇచ్చారు. దీన్ని ఆవేశ మార్పిడి అంటారు. మొదట వింతగా తోచిన ఈ వెలుగు ఆ తర్వాత చూసిన చాలా తోకచుక్కల్లో కనిపించింది. ఇప్పుడు సౌర పవనంలో ఏముందో తెలుసుకోవడానికి తోకచుక్కలనే పరికరాలుగా వాడుకుంటున్నారు.

మీరు చదివింది బహుశా 3ఐ అట్లాస్ సంగతి అయి ఉంటుంది. 2025 జూలై 1న చిలీలోని అట్లాస్ టెలిస్కోపు పట్టుకున్న ఈ తోకచుక్క మన సూర్య కుటుంబంలో పుట్టింది కాదు, వేరే నక్షత్రం దగ్గరి నుంచి వచ్చింది. 2025 డిసెంబరు 3న యూరప్ వారి ఎక్స్‌ఎంఎం న్యూటన్ ఉపగ్రహం దాన్ని దాదాపు 20 గంటలు చూసి, చుట్టూ పరుచుకున్న ఎక్స్‌ కిరణ వెలుగును నమోదు చేసింది. దానికి కొద్ది రోజుల ముందు, నవంబరు చివర్లో, జపాను వారి ఎక్స్‌రిజమ్ కూడా చూసింది. ఎక్కడో పరాయి నక్షత్రం దగ్గర గడ్డకట్టిన మంచు, మన సూర్యుడి గాలి తగిలి ఇలా వెలగడం ఆలోచిస్తే ఒళ్లు జలదరిస్తుంది. దీని వల్ల ఉపయోగం ఏమిటంటే, మామూలు టెలిస్కోపులకు సులభంగా దొరకని హైడ్రోజన్, నైట్రోజన్ లాంటి వాయువులు ఆ మబ్బులో ఉన్నాయేమో ఈ కిరణాలను బట్టి వెతకవచ్చు.

ప్రశ్న: ఆ 3ఐ అట్లాస్ గ్రహాంతరవాసుల నౌక అని వాట్సాప్‌లో చాలా వీడియోలు వచ్చాయి. దాని నుంచి రేడియో సంకేతం కూడా వచ్చిందట కదా? (ఇద్దరు పాఠకులు, విజయవాడ, షోలాపూర్)

జవాబు: రేడియో సంకేతం వచ్చిన మాట నిజమే. దక్షిణాఫ్రికాలోని మీర్‌కాట్ రేడియో టెలిస్కోపు 2025 అక్టోబరులో దాన్ని పట్టుకుంది. అయితే అది హైడ్రాక్సిల్ అనే ముక్క, అంటే నీటి అణువు ఎండకు విరిగినప్పుడు మిగిలే భాగం, తన స్వభావం కొద్దీ వేసే ముద్ర. నీళ్లున్న తోకచుక్క సూర్యుడి దగ్గరికి వస్తే అది కనిపించకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఆ తోకచుక్కలో మామూలు కానివి లేవని కాదు. దాని దారి ఎంత తెరుచుకొని ఉందంటే, సూర్యుడు దాన్ని ఎప్పటికీ కట్టి ఉంచలేడు. సూర్యుడి ప్రభావానికి బయట కూడా దాని వేగం సెకనుకు సుమారు 58 కిలోమీటర్లు. 2025 ఆగస్టులో జేమ్స్ వెబ్ టెలిస్కోపు చూసినప్పుడు నీటి ఆవిరి కన్నా కార్బన్ డయాక్సైడ్ ఎనిమిది రెట్లు ఎక్కువగా ఉంది. మన తోకచుక్కల్లో ఇలా ఉండడం చాలా అరుదు. వాయువులో నికెల్ జాడ కూడా దొరికింది. ఈ లోహం వింత అనుకోనక్కర లేదు, మన తోకచుక్కల్లోనూ ఉంది. డిసెంబరు 19న భూమికి అతి దగ్గరగా వచ్చినప్పుడు కూడా అది 27 కోట్ల కిలోమీటర్ల దూరంలోనే ఉంది, అంటే సూర్యుడి కన్నా దూరంగా. మబ్బు ఉంది, తోక ఉంది, ఎండకు ఆవిరి అవుతోంది. తోకచుక్క చేయవలసిన పనులన్నీ చేస్తున్నదాన్ని తోకచుక్క అనడానికి మొహమాటం ఎందుకు?

ప్రశ్న: 2025 దీపావళి రోజుల్లో లెమన్ తోకచుక్క ఆకుపచ్చగా ఉందని ఫొటోలు వచ్చాయి. నేను చూస్తే బూడిద రంగు మరక కనిపించింది. కళ్లజోడు మార్చాలా? (గుంటూరు)

జవాబు: అవసరం లేదు. మసక వెలుగులో మన కంటికి రంగులు తెలియవు, కెమెరా మాత్రం నిమిషాల తరబడి కాంతిని కూడబెట్టుకొని రంగును చూపిస్తుంది. ఆ ఆకుపచ్చ, రెండు కార్బన్ పరమాణువులు జతగా ఉన్న అణువుది. ఎండకు ఆ జత త్వరగా విడిపోతుంది కనుకే తల పచ్చగా ఉంటుంది, తోకకు ఆ రంగు రాదు. అది అక్టోబరు 21న భూమికి దాదాపు 9 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. అమావాస్య కావడం మన అదృష్టం, టపాకాయల పొగ మన దురదృష్టం.

ప్రశ్న: మా దగ్గర టెలిస్కోపు లేదు. ఇన్ని పెద్ద యంత్రాలు ఉన్న ఈ రోజుల్లో మాలాంటి వాళ్లు చూసి ప్రయోజనం ఉందా? (తొమ్మిదో తరగతి విద్యార్థిని, మహబూబ్‌నగర్ జిల్లా)

జవాబు: ఉంది. పెద్ద యంత్రాల బలహీనత ఒకటి చెబుతాను. 2025 జూన్‌లో మొదటి చిత్రాలు విడుదల చేసిన చిలీలోని వేరా రూబిన్ వేధశాలకు 8.4 మీటర్ల అద్దం, 320 కోట్ల పిక్సెళ్ల కెమెరా ఉన్నాయి. అది పదేళ్ల పాటు కొద్ది రాత్రులకొకసారి దక్షిణాకాశమంతా తిరగేసి, మారిన ప్రతిదాన్నీ పట్టుకుంటుంది. కానీ కంటికి కనిపించేంత ప్రకాశవంతమైన చుక్కలు దాని కెమెరాను పొంగించేస్తాయి. కాబట్టి ఆ చుక్కలు ఇప్పటికీ మీవే.

మీ జిల్లాకు దగ్గరలోనే దీనికి పూర్వకథ ఉంది. నవాబు జఫర్ జంగ్ 1901లో హైదరాబాదులో మొదలుపెట్టిన నిజామియా వేధశాల 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చేరింది. ఆ విశ్వవిద్యాలయమే తర్వాత జపాల్ రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టింది. నిజామియాలో పనిచేసిన ఒకరి అబ్బాయి, చిన్నప్పటి నుంచీ ఆ దుర్భిణుల చుట్టూ తిరిగి, నిజాం కళాశాలలో చదువుకుంటూనే వెలుగు మారే నక్షత్రాలను గమనించాడు. హైదరాబాదు ప్రభుత్వ సాయంతో హార్వర్డ్ వెళ్లి, 1949లో ఒక తోకచుక్కను కనిపెట్టాడు. ఆయనే వైను బప్పు. తమిళనాడులోని కావలూరు వేధశాలకు ఇప్పుడు ఆయన పేరే ఉంది.

మీకు ఒక చుక్క అప్పగిస్తాను. ఆగస్టు నుంచి నవంబరు దాకా సాయంత్రం పైకి చూస్తే శ్రవణ నక్షత్రం కనిపిస్తుంది. దానికి ఇటూ అటూ ఒక్కో చిన్న చుక్క ఉంటుంది కాబట్టి పొరపాటు పడరు. వాటిలో దక్షిణం వైపు ఉన్న మసక చుక్క పరిమాణం 3.7, అది మారదు. శ్రవణం నుంచి ఇంకా దక్షిణానికి, చాచిన చేతి పిడికిలికి కొద్దిగా తక్కువ దూరంలో ఈటా అక్విలే ఉంటుంది. 1784 నుంచి తెలిసిన చరకాంతి నక్షత్రం ఇది. 3.5 నుంచి 4.4 దాకా దిగి మళ్లీ పైకి వస్తుంది. ఒళ్లంతా ఉబ్బుతూ తగ్గుతూ ఉండడం వల్ల దీని వెలుగు మారుతుంది. ఈ జాతి నక్షత్రాలకు వెలుగు మారే కాలానికీ అసలు వెలుగుకూ సంబంధం ఉందని 1912లో హెన్రియెటా లెవిట్ తేల్చబట్టే, పక్క గెలాక్సీల దూరం కొలవడం సాధ్యమైంది.

పని సులభం. శ్రవణం పక్కనున్న ఆ మారని చుక్క కన్నా మీ చుక్క ఎక్కువగా ఉందా, సమానమా, తక్కువా అని చూసి, తేదీ, గంట పక్కన ఒక్క మాట రాయండి. చంద్రుడు దగ్గర ఉంటే ఆ సంగతీ రాయండి. నిన్నటి పేజీ చూసి రాయకండి, కళ్లు చూసిందే రాయండి. ఆదివారం తీరిక అని వారానికి ఒక్కసారి మాత్రం చూడకండి: ఆ చుక్క ఒక చుట్టు తిరగడానికి 7 రోజుల 4 గంటలు పడుతుంది, కాబట్టి ప్రతి ఆదివారం అది దాదాపు అదే వెలుగులో ఉండి, మారడమే లేదని మిమ్మల్ని నమ్మిస్తుంది.